ద్రాక్షతీగకు నిద్రలేని దేశంలో

తెలుగునాట ఏ ఊరి బజారుకు వెళ్లినా 'వైన్స్' అని పెద్ద అక్షరాలతో రాసిన పలక ఒకటి కనిపిస్తుంది. ఆ పలక కింద నిలబడి లోపలికి చూస్తే బీరువాల నిండా విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు సీసాలు బారులు తీరి ఉంటాయి. అసలైన వైన్ కోసం వెతికితే ఎక్కడో మూల ఒకటి రెండు సీసాలు దొరకవచ్చు. చాలాచోట్ల అవీ ఉండవు. పేరొకటి, సరుకొకటి. దుకాణానికి పేరిచ్చిన పానీయమే ఆ దుకాణంలో అపరిచితమైన అతిథి!

నిజానికి వైన్ అంటే ద్రాక్షపండ్ల రసాన్ని పులియబెట్టి తీసిన పానీయం. సారాను, విస్కీని కాచి, బట్టీ పట్టి దించుతారు. వైన్‌కు బట్టీ అక్కరలేదు, పొయ్యి అక్కరలేదు. పండులోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాలుగా మారుస్తుంది. తెలుగు బైబిలు దీనినే ద్రాక్షారసం అన్నది. ఆయుర్వేదం ఆసవం అన్నది. మన అలంకారశాస్త్రం సైతం నోట వేసుకోగానే రసం చిందే కవిత్వపు తీరుకు 'ద్రాక్షాపాకం' అని పేరు పెట్టి, ద్రాక్షకు గౌరవస్థానం ఇచ్చింది.

ద్రాక్షను ఇంతగా ఎరిగిన దేశంలో, ద్రాక్షతో వైన్ చేసే పరిశ్రమ వయస్సు మాత్రం గట్టిగా 40 ఏళ్లే. అంతకన్నా విచిత్రం మరొకటి ఉన్నది. ఒకనాడు ద్రాక్ష దిగుబడిలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినవి హైదరాబాదు తోటలు. కాని వైన్ పరిశ్రమ హైదరాబాదులో పుట్టలేదు. గోదావరి పుట్టినచోట, నాసిక్‌లో స్థిరపడింది. ఎందువల్ల? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే ఒక పంట కథ మాత్రమే కాదు, చట్టం, పన్ను, అంతరాత్మ కలగలిసిన ఒక దేశపు కథ బయటపడుతుంది.

కౌటిల్యుని నాటి మాట

ద్రాక్షమద్యం మన దేశానికి తెల్లవాడు తెచ్చిన అలవాటు అనుకోవడం పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మద్యశాలలను అదుపు చేసే సురాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. అక్కడ చెప్పిన మద్యాల జాబితాలో ద్రాక్షరసంతో చేసినదానికి 'మధువు' అని పేరు. అది పుట్టిన ప్రాంతాలను బట్టి కాపిశాయనం, హారహూరకం అని రెండు రకాలు చెప్పారు. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని ప్రాంతం. అంటే ఏ ఊరి ద్రాక్షకు ఆ ఊరి పేరు పెట్టి, ఆ పేరుతోనే నాణ్యతను గుర్తించే పద్ధతి మనవారికి అప్పటికే తెలుసునన్నమాట. ఫ్రాన్సు దేశం ఈనాడు తన వైన్లకు ఊళ్ల పేర్లు పెట్టి, ఆ పేర్లను చట్టంతో కాపాడుకొంటున్నది కూడా ఈ సూత్రం మీదనే.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో బరుకచ్ఛం, అంటే నేటి భరూచ్ రేవులో దిగుమతి అయ్యే సరుకుల పట్టిక ఉన్నది. అందులో వైన్ ఒకటి. ఇటలీ వైన్‌కు అక్కడ ఎక్కువ గిరాకీ అని కూడా చెప్పాడు. ఆ రేవు నుంచి సరుకులు శాతవాహనుల పైఠాన్ వరకు నడిచేవి. పుదుచ్చేరి వద్ద అరికమేడులో జరిగిన తవ్వకాలలో రోమన్ వైన్ జాడీల పెంకులు బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున రాజ్యమేలిన శాతవాహనుల కాలంలోనే ఇటలీ ద్రాక్ష మన దక్కనుకు ప్రయాణం చేసిందనడానికి ఇవి సాక్ష్యాలు.

14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దౌలతాబాదును చూసి, అక్కడ ద్రాక్ష, దానిమ్మ పండుతాయని, ఏడాదికి రెండు కాపులు వస్తాయని రాసుకొన్నాడు. రెండు కాపులనే ఆ చిన్నమాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. తరువాతి కథ అంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది.

ఇక ఆయుర్వేదం సంగతి. ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం అనే మందులు నేటికీ ప్రతి మూలికల దుకాణంలోనూ దొరుకుతాయి. ఎండుద్రాక్ష, బెల్లం, ధాతకీ పుష్పాలు మొదలైనవి కుండలో వేసి, మూతి బిగించి, కొన్ని వారాలు కదపకుండా ఉంచి పులియబెడతారు. ఆల్కహాలు దానంతటది పుడుతుంది. జీర్ణశక్తికని, నీరసానికని ఒక మూతెడు నీళ్లలో కలిపి తాగే ముసలివారికి అది మద్యమన్న తలంపే రాదు. భారతదేశంలో ద్రాక్షను పులియబెట్టే విద్య ఎన్నడూ అంతరించలేదు; అది మందుల బీరువాలోకి మారి, అక్కడ గౌరవంగా బ్రతికింది.

కలకత్తా ప్రదర్శన, చిన్న పురుగు

ఆధునిక పద్ధతిలో వైన్ చేసే తొలి ప్రయత్నాలు 19వ శతాబ్దంలో జరిగాయి. కాశ్మీరు మహారాజు రణబీర్ సింగ్ ఫ్రాన్సు నుంచి తీగలు తెప్పించి శ్రీనగర్ పరిసరాలలో నాటించాడు. దాల్ సరస్సు చేరువలోని గుప్కార్ వద్ద వైన్ తయారయింది. 1883 డిసెంబరులో మొదలై 1884లో ముగిసిన కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శనలో భారతీయ వైన్లను ప్రదర్శించగా మంచి పేరే వచ్చింది.

ఆ పేరు నిలబడలేదు. ద్రాక్ష వేళ్లను పీల్చి చంపే ఫిలాక్సెరా అనే పేనువంటి పురుగు 1860లలో ఐరోపాలో ప్రవేశించి, ఫ్రాన్సు తోటలను కోట్ల సంఖ్యలో ఎండగట్టింది. 1890 ప్రాంతంలో అది కాశ్మీరు తోటలకూ పాకింది. ఆ పురుగును తట్టుకొనే అమెరికా జాతి వేళ్ల మీద ఐరోపా కొమ్మలను అంటుకట్టి ఫ్రాన్సు తన తోటలను బ్రతికించుకొన్నది. భారతదేశంలో ఆ పట్టుదల చూపవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. కారణం పురుగు కాదు, తాగేవాడు లేకపోవడం.

ఈ మాట అర్థం కావాలంటే ఆనాటి రైల్వే పట్టణమొకదానిని చూడాలి. కలకత్తాకు పడమరగా 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ ఉన్నది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అక్కడ పెద్ద జంక్షనును, కర్మాగారాన్ని నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది తెలుగువారు పనికోసం తరలివెళ్లారు. టాటానగర్ వైపు పోయే మార్గంలోని నిమ్‌పురా యార్డు పరిసరాలలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. అటువంటి పట్టణాలలో మద్యానికి రెండు లోకాలుండేవి. దొరల బంగళాలకు ఓడల మీద వచ్చిన పోర్టు, క్లారెట్, షెర్రీ సీసాలు చేరేవి. కష్టజీవికి సర్కారు వేలంపాట పాడి ఇచ్చిన దుకాణంలోని నాటుసారా మిగిలేది. విదేశపు సీసా కొనగలవాడు స్వదేశపు వైన్‌ను నమ్మడు. సారా తాగేవాడికి వైన్ ధర అందదు. ఈ రెండు లోకాల నడుమ వైన్‌కు చోటు లేకపోయింది. మధ్యతరగతి అనే కొనుగోలుదారు పుట్టేవరకు, అంటే మరో వంద సంవత్సరాల వరకు, భారతీయ వైన్ వేచి ఉండవలసి వచ్చింది.

నిమ్‌పురా మీదుగా సాగే ఆ పట్టాలే నాగపూరు, భుసావళ్ దాటి, 1,600 పైచిలుకు కిలోమీటర్ల అవతల నాసిక్ చేరుతాయి. పరిశ్రమ తిరిగి మొలకెత్తినది అక్కడే. కాని నాసిక్ చేరేముందు హైదరాబాదులో ఆగక తప్పదు.

రాజద్రాక్ష గొప్పదనం, అవరోధం

19వ శతాబ్దం చివరి దశకంలో హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఒక తెల్లద్రాక్ష తీగను ప్రవేశపెట్టారు. దానికి 'అనాబ్-ఎ-షాహీ' అని పేరు వచ్చింది. రాజద్రాక్ష అని అర్థం. కోలగా, బొటనవేలి కొనంత లావుగా, లేత తేనెరంగులో ఉండే గింజద్రాక్ష అది. స్వాతంత్ర్యానంతరం ఆ తీగ ఇంటి పెరళ్ల నుంచి పొలాలకు వచ్చింది. ఉప్పల్, సరూర్‌నగర్, శంషాబాద్, మేడ్చల్ వైపు రాతిస్తంభాలు పాతి, తీగలు లాగి, పందిళ్లు వేసి రైతులు పెంచారు. వేసవి వచ్చిందంటే మోజంజాహి మార్కెట్టులో బుట్టలు బుట్టలుగా ద్రాక్ష రాశి పడేది.

దిగుబడి చూసి ఇతర దేశాల ఉద్యానశాస్త్రజ్ఞులు విస్తుపోయారు. ఫ్రాన్సులో పేరున్న వైన్ తోట హెక్టారుకు 6 నుంచి 10 టన్నుల పండు ఇస్తే, హైదరాబాదు పందిరి తోటల్లో మేలైనవి 90 టన్నుల వరకు ఇచ్చిన సందర్భాలున్నాయి. పల్చని ఎర్రనేల, ఎండ, బావినీరు, పెంట, వీటికి తోడు రైతు చేతివాటం కలిసి సాధించిన విజయమిది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలసింది. తెలుగు రైతుకు ద్రాక్ష గర్వకారణమైన పంట అయింది.

అయితే ఇంత పంట పండినచోట వైన్ పరిశ్రమ ఎందుకు రాలేదు? సమాధానం ఆ పంటలోనే ఉన్నది. వైన్‌కు కావలసింది ఎక్కువ పండు కాదు, గాఢమైన పండు. తీగ ఇరవై గుత్తులను పోషిస్తే ఒక్కొక్క గుత్తికి దక్కే సారం తక్కువ; పది గుత్తులనే పోషిస్తే ఎక్కువ. మంచి వైన్ ద్రాక్షరసంలో చక్కెర నూటికి 20 నుంచి 24 పాళ్లు ఉండాలి. అనాబ్-ఎ-షాహీ 14, 16 వద్ద ఆగిపోతుంది. పండు నిండా నీరు, పల్చని తోలు, మృదువైన రుచి. తినడానికి అమృతం, పులియబెడితే నిస్సారం. వైన్ ద్రాక్ష అందుకు సరిగ్గా విరుద్ధం: చిన్న గింజ, దళసరి తోలు, పుల్లదనం, వగరు. పళ్లెంలో పెడితే ఎవరూ రెండవ పండు తీసుకోరు.

వైన్ తోట పెంచేవాడు పిందెలను తానే కోసి పారవేస్తాడు, నీరు బిగబడతాడు, ఎరువు తగ్గిస్తాడు. ఎకరానికి ఎన్ని బుట్టలు ఎక్కువ తీయాలా అని తరతరాలుగా ఆలోచించే రైతుకు ఇది పిచ్చిపనిగా కనిపించడం సహజం. హైదరాబాదు ద్రాక్ష తన గొప్పదనం వల్లనే వైన్‌కు దూరమయింది. ఆనాటి బజారులో 'గోల్కొండ' పేరుతో దొరికిన తియ్యని ఎర్రవైన్ వంటివి కూడా చక్కెరతోనూ, కలిపిన ఆల్కహాలుతోనూ బలం పుంజుకొన్న పోర్టు తరహా పానీయాలే.

నిషేధచట్టం నీడలో

నేల ఒక్కటే అడ్డుకాదు. స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం మత్తుపానీయాలను, ఔషధ ప్రయోజనాలకు తప్ప, నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్పింది. గాంధీజీ బోధన, ఇల్లాళ్ల కన్నీరు ఆ అధికరణం వెనుక ఉన్నాయి. 1949లో బొంబాయి రాష్ట్రం మద్యనిషేధ చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టమే కాలానుగుణంగా సడలింపులు పొంది, మహారాష్ట్ర మద్యనిషేధ చట్టమనే పేరుతో ఇప్పటికీ అమలులో ఉన్నది. దేశంలోకెల్లా ఎక్కువ వైన్ తయారుచేసే రాష్ట్రం నిషేధమని పేరుగల చట్టం కిందనే అనుమతిపత్రాలు ఇస్తున్నదంటే వింతగా తోచవచ్చు, కాని నిజం.

మద్యం మీద అధికారం రాష్ట్రాలది. ఒక రాష్ట్రంలో తయారైన సీసా సరిహద్దు దాటిందంటే పన్ను మారుతుంది, లేబులు మారుతుంది, అనుమతి మారుతుంది. ఎల్లలు దాటిన ప్రతిసారీ సీసా విదేశీయురాలే. ఇటువంటి పరిస్థితిలో తీగ నాటి, పంట కోసం మూడేళ్లు ఆగి, ఆ తరువాత మార్కెట్టు వెతుక్కొనే సాహసం చేసేవాడెవడు?

ముగ్గురు సాహసికులు

1980లలో అటువంటివారు బయలుదేరారు. మొదటివాడు శ్యామ్‌రావ్ చౌగులే. ఆయన పుణె జిల్లా నారాయణగావ్ వద్ద సహ్యాద్రి సానువులలో తోట వేసి, షాంపేన్ సీమ నిపుణుల సాయంతో బుడగలు పొంగే వైన్ తయారుచేశారు. షాంపేన్ అనే పేరు ఆ సీమకే చెందినది కనుక, విదేశాలలో దానిని 'ఒమర్ ఖయ్యాం' అనే పేరుతో అమ్మారు. భారతదేశం నుంచి వైన్ వచ్చిందంటే బ్రిటన్‌లో జనం మొదట నవ్వి, తరువాత రుచి చూసి ఊరుకొన్నారు. ఆ సంస్థే షాతో ఇండాజ్.

రెండవవారు కన్వల్ గ్రోవర్. యంత్రాల వ్యాపారంపై తరచు ఫ్రాన్సు వెళ్లే ఆయనకు అక్కడి వైన్‌తో మైత్రి కుదిరింది. షాంపేన్ నిపుణుడు జార్జ్ వెసెల్‌ను వెంటబెట్టుకొని దేశమంతా నేలలు పరీక్షించి, చివరకు బెంగళూరుకు ఉత్తరాన నందికొండల పాదం వద్ద 1988లో తోట స్థాపించారు. తొలి వైన్ 1992లో సీసాలకెక్కింది. తరువాత ఫ్రాన్సు వైన్ నిపుణులలో పేరుమోసిన మిషెల్ రోలాం సలహాదారుగా వచ్చారు.

మూడవవారు రాజీవ్ సామంత్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి, 1990లలో తిరిగివచ్చి నాసిక్ వద్ద తమ కుటుంబపు పొలంలో నిలబడ్డారు. చుట్టూ తినే ద్రాక్ష పండుతున్నది. వైన్ ద్రాక్ష ఎందుకు పండదు? 1997లో సోవిన్యాఁ బ్లాఁ, షెనిన్ బ్లాఁ అనే తెల్లద్రాక్ష జాతులు నాటారు. తల్లి సులభ పేరు మీద 'సులా' అని పేరు పెట్టారు. 2000లో తొలి సీసాలు వచ్చాయి. దేశంలో అమ్ముడయ్యే స్వదేశీ వైన్‌లో సగానికి పైగా వాటా కాలక్రమాన ఆ సంస్థదే అయింది. 2022 డిసెంబరులో దాని వాటాలు స్టాకు మార్కెట్టుకు వచ్చాయి.

ఈ కథకు ముందు ప్రపంచంలో ఒక ఉదాహరణ ఉన్నది. 1976లో పారిస్‌లో ఫ్రెంచి నిపుణులే న్యాయమూర్తులుగా, పేర్లు కనబడకుండా జరిగిన రుచి పరీక్షలో కాలిఫోర్నియా వైన్లు ఫ్రాన్సు వైన్లను మించి మొదటి స్థానాలు పొందాయి. వైన్ ఒక దేశపు జన్మహక్కు కాదని, నేర్చుకొన్నవాడి విద్య అని ఆనాడు తేలిపోయింది. మన సాహసికులకు ఆ సంఘటన ధైర్యమిచ్చిందనడంలో ఆశ్చర్యం లేదు.

తీగను నిద్రపుచ్చే విద్య

ఇప్పుడు ఇబ్న్ బతూతా చెప్పిన రెండు కాపుల సంగతికి రావాలి. ఐరోపాలో చలికాలం రాగానే ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో మేల్కొని, వేసవిలో కాచి, సెప్టెంబరు ప్రాంతాల కోతకు వస్తుంది. దక్కనులో తీగను నిద్రపుచ్చేంత చలి లేదు. వదిలేస్తే అది ఏడాది పొడుగునా పెరుగుతూ, రెండుసార్లు కాచి, త్వరగా అలసిపోతుంది.

కాబట్టి ఇక్కడ శీతాకాలం చేయవలసిన పని కత్తెర చేస్తుంది. ఏప్రిల్‌లో ఒకసారి తీగను బోసిగా కత్తిరిస్తారు. ఆ తరువాత ఎండలో పెరిగిన రెమ్మల కన్నులలో వచ్చే పంటకు కావలసిన పూలగుత్తులు రూపు దిద్దుకొంటాయి. వర్షాలు వెనుకబట్టే సెప్టెంబరు, అక్టోబరులలో మరల కత్తిరిస్తారు. అప్పుడు చిగిర్చిన రెమ్మలకు పంట వస్తుంది. కన్నులన్నీ ఒక్కసారి మేల్కొనేందుకు మందు పూస్తారు. రెండు కత్తిరింపులు, ఒకే కాపు. జనవరి నుంచి మార్చి వరకు, ఐరోపా తోటలు మంచుకింద నిద్రిస్తుండగా, నాసిక్‌లో కోతలు సాగుతాయి.

నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు రాత్రులు అక్కడ బాగా చల్లబడతాయి. పగటి ఎండ చక్కెరను పెంచుతుంది. రాత్రి చలి పులుపును కాపాడుతుంది. రెండింటి తూకమే వైన్ ప్రాణం. వేడెక్కకముందే పండు కోయాలని తెల్లవారుజామునే పనివారు తోటలో దిగుతారు. కోసిన పండును చల్లబరచి, చల్లటి నీరు చుట్టూ ప్రవహించే ఉక్కు పీపాలలో రసాన్ని నెమ్మదిగా పులియనిస్తారు. తెల్లవైన్‌కు తోలు తీసివేసి రసం మాత్రమే వాడతారు. ఎర్రవైన్‌కు తోలుతో సహా పులియబెడతారు, రంగు, వగరు తోలులోనివే. ఉప్పునీటినీ కరువునూ తట్టుకొనే డాగ్‌రిడ్జ్ వంటి వేరుజాతి మీద అంటుకట్టే పద్ధతి 1990ల నుంచి దక్కను ద్రాక్షతోటలను నిలబెట్టింది. ఒకనాడు కాశ్మీరును ఓడించిన సమస్యకు జవాబు ఈ అంటులోనే ఉన్నది.

పొంగు, కుంగు

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష పరిశ్రమ విధానాన్ని ప్రకటించింది. వైన్‌ను నాటుసారాతో, విస్కీతో ఒక గాటకట్టక, పండు నుంచి తీసిన వ్యవసాయోత్పత్తిగా చూసింది. ఆ రాష్ట్రపు ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజు సుంకం మినహాయించింది. అనుమతులు సులభం చేసింది. నాసిక్ జిల్లా వించూర్‌లోనూ, సాంగ్లీ జిల్లా పలుస్‌లోనూ వైన్ పార్కులు ఏర్పాటు చేసింది. 2007లో కర్ణాటక కూడా తన విధానాన్ని ప్రకటించి, వైన్ బోర్డును నెలకొల్పింది. విదేశీ వైన్ మీద చాలాకాలం 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకం ఈ లేతమొక్కకు కంచెగా నిలిచింది.

ఇక జాతర మొదలయింది. తినే ద్రాక్ష పీకి వైన్ ద్రాక్ష నాటినవారు, అప్పుచేసి పీపాలు కొన్నవారు, వైన్ రుచి ఎరుగకుండానే వైన్ కర్మాగారం పెట్టినవారు ఎందరో. కాని తాగేవారి సంఖ్య తోటల సంఖ్యతో సమానంగా పెరగలేదు. 2008లో ప్రపంచ ఆర్థికమాంద్యం వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో ముంబాయి హోటళ్లపై ఉగ్రవాదుల దాడి జరిగింది. వైన్ అమ్ముడయ్యేది ముఖ్యంగా పెద్ద హోటళ్లలోనే కనుక దెబ్బ సూటిగా తగిలింది. పీపాలలో నిలవ పేరుకొన్నది. కొత్త పంట కొనే నాథుడు లేకపోయాడు.

ఇక్కడే వైన్ ద్రాక్షకూ తినే ద్రాక్షకూ ఉన్న తేడా రైతు మెడకు చుట్టుకొన్నది. తినే ద్రాక్షను కంపెనీ కొనకపోతే బజారులో అమ్మవచ్చు. అదీ కాకపోతే ఎండబెట్టి కిస్‌మిస్ చేయవచ్చు. వైన్ ద్రాక్షకు ఒకే ఒక వాకిలి ఉన్నది. అది మూసుకొంటే పండు తీగ మీదనే ముదిరి రాలిపోతుంది. పలువురు రైతులు కన్నబిడ్డల వలె పెంచిన తీగలను వేళ్లతో పెకలించారు. అతివేగంగా, అప్పుల మీద విస్తరించిన షాతో ఇండాజ్ కుప్పకూలి మూతబడింది. దారి వేసినవాడే దారిలో పడిపోవడం ఏ పరిశ్రమ చరిత్రలోనైనా విషాదఘట్టమే.

నిలబడినవారు పాఠం నేర్చుకొన్నారు. రైతుతో ముందే ఒప్పందం రాసుకొని, ఏ జాతి, ఎంత చక్కెర, ఎకరానికి ఎంత దిగుబడి అనేది నిర్ణయించుకొన్నారు. తోట మధ్యనే అతిథిగృహాలు, భోజనశాలలు కట్టి, జనాన్ని తోటకే రప్పించారు. 'నాసిక్ వ్యాలీ వైన్' అనే పేరుకు భౌగోళిక గుర్తింపు లభించింది. కౌటిల్యుడు కాపిశాయనమన్నట్లే, ఊరి పేరు తిరిగి సీసా మీదకు వచ్చింది!

తేలని తగవు

వైన్ మంచిదా చెడ్డదా అనే వివాదం మాత్రం తేలలేదు. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రిమండలి పెద్ద కిరాణా దుకాణాలలో వైన్ అమ్మేందుకు అనుమతించాలని నిర్ణయించింది. రైతుకు మేలనీ, వైన్ మద్యం కాదనీ ఒక వాదం. అన్నా హజారే వంటివారు తీవ్రంగా వ్యతిరేకించారు. పప్పు, ఉప్పు కొనే చోటికి మత్తును తేవడమేమిటని ప్రశ్నించారు. నిర్ణయం ఆచరణకు రాలేదు.

తెలుగు పాఠకునికి ఈ తగవు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొన్న ఆడవారు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వపు సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలిపోయినా, ఆ పోరాటం అడిగిన ప్రశ్న చెరగలేదు. వైన్‌లోనూ నూటికి 12, 13 పాళ్లు ఆల్కహాలు ఉన్నది. మితం తప్పితే అదీ సంసారాన్ని కూల్చగలదు. గుండెకు మేలని ఒకప్పుడు జరిగిన ప్రచారాన్ని నేటి వైద్యశాస్త్రం అంత గట్టిగా సమర్థించడం లేదు. రైతు ఆదాయం ఒక వైపు, ఇల్లాలి భయం మరొక వైపు ఉన్న త్రాసు ఇది. రెండింటినీ తూచకుండా తీర్పు చెప్పేవాడు తొందరపడినట్లే.

ఈలోగా దిగుమతి సుంకపు కంచె కూడా తగ్గడం మొదలయింది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం, ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఖరీదైన వైన్ మీద సుంకం 150 నుంచి 100కు, ఇంకా ఖరీదైనదానిమీద 75 శాతానికి దిగింది. లేతమొక్క చెట్టయిందో లేదో కంచె తీసిన తరువాతనే తెలుస్తుంది.

హైదరాబాదు పందిళ్లలో అధికభాగం నేడు లేవు. బావులు ఎండిపోయాయి, కూలి ధరలు పెరిగాయి, అన్నిటికీ మించి నగరం పెరిగి పొలాన్ని ఇళ్లస్థలం చేసింది. రాతిస్తంభాలు నిలిచినచోట భవనాల స్తంభాలు లేచాయి. ఆ రైతులు విద్యలో ఎవరికీ తీసిపోలేదు. వారు పండించినది వేరు, వైన్ అడిగినది వేరు. పైగా ఆనాడు చట్టమూ పిలవలేదు, కొనేవాడూ పిలవలేదు. అందని ద్రాక్ష పుల్లనని నక్క సరిపెట్టుకొన్నదట. ఇక్కడ ద్రాక్ష చేతికందింది, తియ్యగానే ఉన్నది. వైన్‌కు కావలసిన పులుపే దానిలో లేకపోయింది.